మూడు వారాలకోసారి నల్ల బిన్: ఇంగ్లండ్‌లో మా తెలుగింటి అనుభవం

ముందే చెప్పేస్తున్నా. నల్ల బిన్ (రీసైకిల్ కాని చెత్త వేసేది) మూడు వారాలకోసారే తీస్తారంటే భయపడక్కర్లేదు, కానీ దాంతోపాటు తిండి చెత్తకని ఇచ్చే ఆ చిన్న ఫుడ్ క్యాడీని మూలన పడేస్తే మాత్రం నరకమే. మేముండేది సౌత్ ఇంగ్లండ్‌లో ఒక సెమీ డిటాచ్డ్ ఇంట్లో. నలుగురం, అమ్మా నాన్నా వచ్చిన నెలల్లో ఆరుగురం. మా టౌన్‌లో ఈ పద్ధతి వచ్చి రెండేళ్లు దాటింది. ఇప్పుడు మిగతా కౌన్సిళ్లు (ఇక్కడి మున్సిపాలిటీలు) కూడా ఒక్కొక్కటే మారుతున్నాయి కాబట్టి తెలిసినవాళ్లందరూ "మాకూ ఉత్తరం వచ్చింది, ఎలా వేగాలి" అని ఫోన్ చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ఇదివరకు రెండు వారాలకోసారి నల్ల బిన్, మధ్య వారం రీసైక్లింగ్ అంతా కలిపి ఒకే బిన్. ఇప్పుడు కాగితం, అట్టపెట్టెలు ఒకదాంట్లో, ప్లాస్టిక్, టిన్నులు, గాజు సీసాలు ఇంకోదాంట్లో, తిండి చెత్త వారం వారం క్యాడీలో, మిగిలిన చెత్త 180 లీటర్ల నల్ల బిన్‌లో. ఇది మా ఒక్క కౌన్సిల్ పైత్యం కాదు. సింప్లర్ రీసైక్లింగ్ అని ఇంగ్లండ్ అంతటికీ తెచ్చిన నిబంధన. ఇళ్లకు గడువు 2026 మార్చి 31, పాత కాంట్రాక్టులున్న కొన్ని కౌన్సిళ్లకు మాత్రం ఇంకా టైమ్ ఇచ్చారు. అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు: అందులో వారం వారం తీయాలని ఉన్నది తిండి చెత్త గురించే. నల్ల బిన్‌ను మూడు వారాలకు జరపడం ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం, దాని వెనకున్నది డబ్బే. చెత్తను భూమిలో పూడ్చినందుకు కట్టే ల్యాండ్‌ఫిల్ ట్యాక్స్ 1996లో టన్నుకు 7 పౌండ్లతో మొదలై 2025 ఏప్రిల్‌కి 126 పౌండ్లు దాటింది. వేల్స్‌లో కాన్వీ అనే చోట 2018 నుంచే నాలుగు వారాలకోసారి తీస్తున్నారు, అక్కడి జనం బతికే ఉన్నారు.

ఇక క్యాడీ. వంటింట్లో పెట్టుకోవడానికి ఒక చిన్న డబ్బా, బయట పెట్టడానికి 23 లీటర్ల పెద్ద డబ్బా ఇచ్చారు. పెద్దదాని హ్యాండిల్ ముందుకు తిప్పితే మూత బిగుసుకుంటుంది. ఇది అలంకారం కాదండీ, నక్కల కోసం. బిగించని రాత్రి చికెన్ ఎముకలు వీధంతా పరుస్తాయి. కౌన్సిల్ పంపిన కాగితంలో బంగాళాదుంప తొక్కలు, టీ బ్యాగులు, బ్రెడ్ ముక్కల బొమ్మలున్నాయి. మన వంటింట్లో తేలేది అవా? మునక్కాయ పిప్పి, చింతపండు పిప్పి, రొయ్యల పొట్టు, చేప ముళ్లు, నిన్నటి పప్పు, పిల్లలు కంచంలో వదిలేసిన పెరుగన్నం. ఇవన్నీ వేయొచ్చు, వండినవైనా పచ్చివైనా. నీళ్లు మాత్రం వద్దు. సాంబారు, రసం సింక్‌లో వడగట్టి ముక్కలు మాత్రమే వేయండి, లేకపోతే కవరు అడుగున తడిసి చిరిగి బుధవారం పొద్దున్నే మీ చెప్పుల మీద పడుతుంది. వేయించగా మిగిలిన నూనె వేరే సీసాలో పోసి టిప్‌కి, అంటే కౌన్సిల్ చెత్త కేంద్రానికి తీసుకెళ్తాం. కొబ్బరి చిప్పలు మా దగ్గర నల్ల బిన్‌లోకే, మీ కౌన్సిల్ ఏమంటుందో చూసుకోండి.

కవర్ల సంగతి. మొదట్లో అందరూ కంపోస్ట్ అయ్యే ఆ పచ్చ కవర్లే కొన్నారు, అవేమో ఖరీదు. మా ప్రాంతంలో తిండి చెత్త గ్యాస్ తీసే ప్లాంటుకు పోతుంది, గాలి లేని ట్యాంకుల్లో కుళ్లబెట్టి బయోగ్యాస్ తీసి మిగిలిన గుజ్జును పొలాలకు ఎరువుగా పంపుతారు. అలాంటి ప్లాంట్లలో ఏ కవరైనా ముందే చింపి పక్కన పడేస్తారు, అందుకే చాలా కౌన్సిళ్లు మామూలు ప్లాస్టిక్ కవరైనా పర్వాలేదంటున్నాయి. మేం బ్రెడ్ కవర్లు, కూరగాయల కవర్లు వాడుతున్నాం. మీ కాగితంలో ఈ మాట ఉందో లేదో వెతకండి, ఉంటే ఏడాదికి బాగానే మిగులుతుంది.

అమ్మతో వచ్చిన గొడవ మాత్రం ఏ కాగితంలోనూ లేదు. "వారం రోజులు ఎంగిలి వంటింట్లో పెట్టుకుంటారా, మీకేమైనా మతి పోయిందా" అంది. నిజమే కదా. చివరికి చిన్న డబ్బాను పొయ్యి దగ్గర్నుంచి తీసేసి పెరటి తలుపు పక్కన పెట్టాం, రాత్రి గిన్నెలు కడిగాక రోజూ బయటి డబ్బాలో పోసేస్తాం. పూజ పూలు అందులో వేయనివ్వదు, గులాబీ మొక్క మొదట్లో వేస్తుంది. మేమూ అలాగే అలవాటు పడ్డాం. నాన్నకైతే ఏ ఇబ్బందీ లేదు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలయ్యాక గుంటూరులో పచ్చ, నీలం, ఎరుపు బుట్టలతో తడి, పొడి అంటూ బాగానే తర్ఫీదయ్యాడు. ఆయన సందేహమల్లా దీనికి నెలనెలా ఎంత కట్టాలనే. అక్కడ దానికని వసూలు చేసిన చెత్త పన్ను 2024 చివర్లో తీసేశారు. ఇక్కడేమో ఇంటికి కట్టే కౌన్సిల్ ట్యాక్స్‌లోనే కలిసి ఉంటుంది, ఒక్క తోట చెత్త బిన్‌కే ఏడాదికి విడిగా కట్టాలి.

వేసవిలో పురుగులు పడతాయా? పడతాయి, ముఖ్యంగా రొయ్యలు చేసిన వారం. దానికి మేం చేసేది ఒక్కటే, పొట్టును కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టి బిన్ రోజు పొద్దున తీసి వేయడం. ఫ్రీజర్‌లో చెత్తేమిటని మా ఆయన నెల రోజులు సణిగాడు, జూలైలో డబ్బా మూత ఒకసారి ఆయన చేతే తీయించాక మానేశాడు.

తిండి పోయాక నల్ల బిన్‌లో ఏం మిగులుతుందో చూస్తే ఆశ్చర్యమేసింది. చిప్స్ ప్యాకెట్లు, బియ్యం బస్తాలు, నల్ల ప్లాస్టిక్ ట్రేలు, ఊడ్చిన దుమ్ము. వాసన లేదు, మూడో వారానికి కూడా పైదాకా నిండదు. పల్చటి ప్లాస్టిక్ కవర్లు కూడా 2027 మార్చి 31 నుంచి ఇంటి దగ్గరే తీసుకోవాలి, అప్పుడు ఇంకా తగ్గుతుంది. కానీ డైపర్లు వేసే పిల్లలుంటే ఈ లెక్క నిలబడదు. మా స్నేహితురాలికి కవలలు, రెండో వారానికే బిన్ మూత పడలేదు. మూత పడకపోయినా, పక్కన సంచి పెట్టినా తీసుకోరు. పెద్ద బిన్‌కి అప్లై చేస్తే ఇస్తారు, అయితే అడిగితేనే. చాలాచోట్ల ఇంట్లో ఆరుగురున్నా ఇస్తారు, విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను మాత్రం మా కౌన్సిల్ లెక్కలోకి తీసుకోలేదు.

కాగితాల బిన్ దగ్గర వానే శత్రువు. అట్టపెట్టె తడిస్తే పనికిరాదని ఎర్ర ట్యాగు తగిలించి వదిలేస్తారు, ఇక మళ్లీ వాళ్ల వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. నూనె మరకలున్న పిజ్జా పెట్టె వేరు చేసేయండి. మామిడిపళ్ల సీజన్లో పెట్టెలు విప్పి చదును చేయకపోతే రెండు పెట్టెలకే బిన్ నిండిపోతుంది. ఆవకాయ సీసాలను జిడ్డు పోయేలా కడిగి వేస్తే చాలు, మూత తీయాల్సిన పని లేదు (మా దగ్గర).

నాకు నిజంగా కోపం వచ్చింది పద్ధతి మీద కాదు, తెచ్చిన తీరు మీద. కొత్త బిన్లు వచ్చాయి, క్యాలెండర్ మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా వీధిలో ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో బిన్ బయట పెట్టారు, లారీ వాళ్లు ఏదీ తీయకుండా వెళ్లిపోయారు. పక్కింటి పెద్దావిడ బిన్ లాగలేదు. మనుషులే వచ్చి లోపలి నుంచి తీసుకెళ్లే ఏర్పాటు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మేం ఫోన్ చేసి పెట్టించాం. పైగా ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లో 2025 మార్చి 11 నుంచి చెత్త తీసేవాళ్ల నిరవధిక సమ్మె, వీధుల్లో సంచుల గుట్టలు. ఆ ఫొటోలు పంపి మనకూ ఇదే గతి అన్నవాళ్లు చాలామంది. రెండింటికీ సంబంధం లేదు, అక్కడ గొడవ ఉద్యోగాల గురించి, జీతాల గురించి.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మాత్రం నేను ధైర్యం చెప్పలేను. మా తమ్ముడి బిల్డింగ్‌లో అందరికీ కలిపి బిన్లు కింద ఒక గదిలో ఉంటాయి, ఒక్కరు తిండి కవరు కాగితాల్లో పడేస్తే బిన్ మొత్తం రీసైక్లింగ్‌కి పోదు, ఎవరు వేశారో తేలదు. ట్యాగు పెట్టినా చదివేవాళ్లు లేరు. అక్కడ ఏ పనైనా బిల్డింగ్ చూసుకునే మేనేజింగ్ ఏజెంట్ ద్వారానే జరగాలి, కాబట్టి ఉత్తరం రాగానే ఫుడ్ బిన్ ఎక్కడ పెడతారు, ఎవరు కడుగుతారు అనే రెండు ప్రశ్నలు ఏజెంట్‌కి ఈమెయిల్‌లో రాసి జవాబు తెచ్చుకోండి. ఇల్లున్నవాళ్లయితే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రెండో క్యాడీ అడగండి, మా దగ్గర ఉచితంగానే ఇచ్చారు. మన వంటలకు ఒకటి చాలదు, పండగ వారం అయితే అసలే చాలదు.