సబ్బుల కంపెనీ ఆర్డర్ యాప్: పర్లాకిమిడి కొట్టు నుంచి నా రివ్యూ

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుని ఆనుకున్న పర్లాకిమిడిలో కిరాణా కొట్టు. నాన్న పెట్టింది, నేను నడుపుతున్నాను. సబ్బులు, షాంపూలు, టీపొడి అమ్మే ఒక పెద్ద కంపెనీ మాలాంటి కొట్లవాళ్ళకి యాప్ ఇచ్చింది. సేల్స్‌మన్ కోసం ఎదురుచూడక్కర్లేదు, మీ ఫోన్లోంచి మీరే ఆర్డరు పెట్టుకోండి అని. దాన్ని వాడబట్టి ఏడాది దాటింది. కంపెనీ పేరు రాయను. నా అరల్లో సగం వాళ్ళ సరుకే, రేపు పొద్దున్న మళ్ళీ వాళ్ళతోనే పని.

ముందు మంచి చెప్తాను. ఇదివరకు సేల్స్‌మన్ కుర్రాడు మా వైపు వచ్చేది మంగళవారం. కుర్రాడు బండి ఆపి, కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, "ఏం పెట్టమంటారు సావుకారు గారూ" అంటూ రాసుకునేవాడు. స్కీమ్ ఏమైనా ఉందా అంటే "ఈ నెల ఏం లేదండి" అనేవాడు. యాప్ వేసుకున్న మొదటివారమే కనపడింది: ఒంటి సబ్బు డజనుకి ఒకటి ఉచితం, ఎర్ర అక్షరాల్లో. అంతకుముందు ఆ పదమూడో సబ్బు ఎవరింటికి పోయిందో నేను అడగలేదు. అడిగితే కుర్రాడు మొహం మాడ్చుకుంటాడు, డేటు దాటిన సరుకు వెనక్కి తీసుకెళ్ళడు. ఇప్పుడు స్కీమ్ నా కళ్ళముందే ఉంటుంది, బిల్లులో పడుతుంది. ఈ ఒక్కదానికే యాప్ ఉంచుకోవచ్చు. రాత్రి పదింటికి షట్టర్ దించేశాక, అరలు చూసుకుంటూ తీరిగ్గా ఆర్డరు పెట్టుకోవడం కూడా బాగానే ఉంది.

ఇక "మీ కొట్టుకి తగిన ఆర్డరు" అని అదే ఒక చిట్టా తయారుచేసి పెడుతుంది. అందులో 650 మిల్లీ షాంపూ సీసాలు ఎప్పుడూ పైనే ఉంటాయి. ఆ సీసాలు నా దగ్గర ఆరు నెలలకి రెండు పోతే గొప్ప. నాకు నడిచేది గుమ్మానికి వేలాడదీసిన రూపాయి ప్యాకెట్ల దండ. సంత రోజున కొండ మీంచి సవర ఆడవాళ్ళు దిగుతారు. చింతపండో పసుపో అమ్ముకుని, వెళ్ళేముందు దండలోంచి నాలుగు ప్యాకెట్లు చింపుకుని, నాలుగు రూపాయలు పళ్ళెంలో పెట్టి పోతారు. సాయంత్రానికి దండలో దారమే మిగులుతుంది. ఈ సంగతి మంగళవారం కుర్రాడికి తెలుసు. యాప్‌కి ఎవరు చెప్తారు?

అసలు తలనొప్పి సరిహద్దు. ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో మా బామ్మర్దికీ కొట్టుంది, మా కొట్టు నుంచి ఆటోలో పావుగంట. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే యాప్. వాడు పిన్‌కోడ్ కొడితే తెలుగు వచ్చింది. నేను 761200 కొడితే ఒడియా, హిందీ, ఇంగ్లీషు, అంతే. ఒడియా నేను చదవగలను, కానీ మా నాన్న కాలం నుంచి మా చిట్టాపద్దులన్నీ తెలుగులోనే. భాష సంగతి సర్దుకోవచ్చు, సరుకు సంగతే సర్దుకోలేం. కంపెనీలు చాలావరకు ఒడిశాని తూర్పు విభాగంలోనూ ఆంధ్రని దక్షిణంలోనూ వేసుకుంటాయి. అందుకని కంపెనీ సరుకు కొట్లకి పంచే మా డీలరుకి సరుకు కటక్ డిపో నుంచి రావాలి, బామ్మర్ది డీలరుకి విశాఖ నుంచి వస్తుంది. మా ఊరికి కటక్ కంటే విశాఖ ఎంతో దగ్గర. నా యాప్‌లో "స్టాక్ లేదు" అని చూపించిన టీపొడి వాడి కొట్లో అట్టపెట్టెలకి అట్టపెట్టెలుంటుంది. ఒడియావాళ్ళ రజ పండక్కి నాకు ఆఫర్లు పెడతారు, సంక్రాంతికి పెట్టరు. నా గిరాకీ చూస్తే సంక్రాంతికే ఎక్కువ.

పోనీ పాతపట్నం డీలరు దగ్గరే తెచ్చుకుందామా అంటే చట్టం ఏమీ అడ్డురాదు. రాష్ట్రం దాటే సరుకుకి వేసే ఐజీఎస్టీ పన్నుతో బిల్లు వేస్తే చాలు, 50,000 రూపాయల లోపు సరుకుకి రవాణా పత్రం, అదే ఈ-వే బిల్లు, కూడా అక్కర్లేదు. కంపెనీయే ఒప్పుకోదు. పక్క రాష్ట్రం కొట్టుకి అమ్మితే ఆ డీలరు ఏజెన్సీకే ముప్పు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతని పెళ్ళిసంబంధాలు ఏనాడూ లెక్కచెయ్యలేదు, మా ఆవిడే సాక్ష్యం. సబ్బు బిళ్ళ మాత్రం లెక్కచేస్తుంది.

జీఎస్టీ మారినప్పటి సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. 2025 ఆగస్టు ఆఖర్లో యాప్ ఒకటే పోరు: ఇంకో 2,300 రూపాయల ఆర్డరు కొడితే ప్రెషర్ కుక్కర్ అని. ఆశపడి ఒంటి సబ్బులు, టూత్‌పేస్టులు కొట్టేశాను. సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయం వచ్చింది, 22 నుంచి వాటి మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. టీవీ చూసొచ్చిన గిరాకీలు పాత ఎమ్మార్పీ సబ్బుని కొత్త ధరకి ఇమ్మన్నారు. నాది కాంపోజిషన్, అంటే చిన్న కొట్లవాళ్ళ జీఎస్టీ పద్ధతి, అందులో కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. యాప్‌లో ఫిర్యాదు పెడదామంటే మూడే ఉన్నాయి: తక్కువ వచ్చింది, పగిలింది, వేరే సరుకు వచ్చింది. రేటు పడిపోయింది అనేది లేదు. చేసేది లేక "పగిలింది" నొక్కాను. ఫొటో అడిగింది. చక్కగా ఉన్న సబ్బుల ఫొటోయే పెట్టాను. "పగిలినట్టు కనపడటం లేదు" అని మర్నాటికి మూసేశారు.

చివరికి మంగళవారం కుర్రాడే వచ్చి, కింద కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని వెళ్ళాడు. రెండు బిల్లుల్లో తేడా సొమ్ము తగ్గించి ఇచ్చారు. పదమూడో సబ్బు సంగతి ఆరోజే మర్చిపోయాను. అన్నట్టు, కుక్కర్ వచ్చింది. విజిల్ సరిగ్గా రాదు.

డబ్బు విషయంలోనూ అంతే. యాప్ ఇప్పుడే కట్టమంటుంది, లేదా ఫైనాన్స్ కంపెనీ అప్పు చూపిస్తుంది. డీలరైతే ఈవారం బిల్లు వచ్చే మంగళవారం తీసుకుంటాడు, సంత సరిగ్గా సాగకపోతే ఇంకో వారం ఆగుతాడు. ఆయన తనకొచ్చే నూటికి నాలుగైదు రూపాయల మార్జిన్లో గోడౌను అద్దె, ఆటో, కుర్రాడి జీతం, నా అరువు అన్నీ భరించాలి. ఆన్‌లైన్ హోల్‌సేల్ కంపెనీలకి ఇచ్చే ధరే మాకూ ఇవ్వండి, లేకపోతే 2022 జనవరి 1 నుంచి సహకరించం అని దేశంలోని ఇలాంటి డీలర్ల (డిస్ట్రిబ్యూటర్ల) సంఘం 2021 డిసెంబరులో కంపెనీలకి గట్టిగా చెప్పింది. ఆ మాటెత్తితే మా డీలరు ఇప్పటికీ టీ చల్లారిపోయేదాకా మాట్లాడతాడు. ఈ యాప్ ఆయన్ని తప్పించలేదు. నేను ఆర్డరు పెడితే వచ్చేది అదే గోడౌను నుంచి, అదే ఆటోలో.

మొన్న యాప్ నన్ను రేటింగ్ అడిగితే మూడు చుక్కలు నొక్కాను. పావుగంటలో కుర్రాడు ఫోను. "ఐదు ఇచ్చేయండి సావుకారు గారూ, మీ ఆర్డరు నా టార్గెట్లోనే పడుతుంది, రేటింగ్ తగ్గితే నా ఇన్సెంటివ్ కోసేస్తారు" అన్నాడు. మారుద్దామని వెతికాను, ఎక్కడా దొరకలేదు. మంగళవారం వస్తాడుగా, వాడికే ఇస్తాను ఫోను.