హన్మకొండల ఆర్గానిక్ కెమిస్ట్రీ కోచింగ్, రిటైర్డ్ ప్రొఫెసర్ సార్ బ్యాచ్ ఎట్లుంది?

కేయూ (కాకతీయ యూనివర్సిటీ) దిక్కు రూమ్ తీస్కొని నెట్ పరీక్షకి (లెక్చరర్ పోస్టులకు, రీసెర్చ్ ఫెలోషిప్‌కు రాసేది) చదువుకునేటోళ్లు అడుగుతున్నరు కదా, అందుకే రాస్తున్న. సార్ సర్వీసంతా సింథటిక్ ఆర్గానిక్ ల్యాబ్‌లనే గడిపిన్రు, అది క్లాసుల కనబడ్తది. రెట్రోసింథసిస్ (కావాల్సిన మాలిక్యూల్‌ని ఎనకకు ముక్కలు చేస్కుంట దేంతోని తయారు చెయ్యాల్నో చూసుడు) అంటే బుక్కు తియ్యరు, బోర్డు మీద పారాసెటమాల్ గీసి అమైడ్ బాండ్ కాడ అడ్డగీత కొట్టి, గిటు పారా అమైనోఫినాల్ గటు ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, గింతే అంటరు. ఇ.జె. కోరే అనే అమెరికా కెమిస్ట్‌కి 1990 సంవత్సరంల నోబెల్ ఈ ఆలోచనకే వచ్చిందని చెప్పినంక పెద్ద మాలిక్యూల్స్‌లకు పోతరు.

నాకు మస్తు నచ్చింది గ్రిన్యార్డ్ రీఏజెంట్ (మెగ్నీషియంతోని చేసేది) క్లాసు. ఫ్లాస్కు ఎండబెట్టుడు, డ్రై ఈథర్, మెగ్నీషియం మీద చిన్న అయోడిన్ పలుకు ఏస్తే ఆ రంగు పోయి బుడగలొచ్చుడు, అన్నీ చేసినోళ్లే చెప్పేటట్టు చెప్తరు, తేమ తగిలితే రీఏజెంట్ ఖరాబైతది కాబట్టి వానకాలంల స్కాలర్లు ఎంత తిప్పలు పడ్తరో అది కూడ. ఒక్కో స్టెప్పుకి 90 శాతం ఈల్డ్ (చేతికొచ్చే సరుకు) వచ్చినా 10 స్టెప్పులకి చివరికి మిగిలేది 35 శాతమేనట, లెక్కేసి చూపిస్తే అందరం నోరెళ్లబెట్టినం.

మైనస్‌లు కూడ ఉన్నయ్. స్పెక్ట్రోస్కోపీ (మాలిక్యూల్ నిర్మాణం కనుక్కునే పద్ధతులు) ఉరికిస్తరు, అండ్ల వచ్చే ఎన్‌ఎంఆర్ ప్రాబ్లమ్స్ మనమే చేస్కోవాలె. ప్రింటెడ్ నోట్స్ ఇయ్యరు, రాత అయితే డాక్టర్ చీటీ లెక్క! బండి పెట్టుడు ఇంకో పంచాయితి. ఫిజికల్, ఇనార్గానిక్ ఇక్కడ చెప్పరు, వేరే చూస్కోవాలె. ఫీజు రెండు సార్లుగ కట్టొచ్చు, డెమో క్లాసు ఫ్రీ.