జెడ్80, 6502: అసెంబ్లీ లాంగ్వేజ్ నేర్చుకోవడానికి ఏది మేలు?

ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లలో చాలామందికి ల్యాబ్‌లోని 8085 మైక్రోప్రాసెసర్ కిట్ గుర్తుండే ఉంటుంది. హెక్స్ కీప్యాడ్, ఎర్రటి సెవెన్ సెగ్మెంట్ అంకెలు, రికార్డులో రాసుకొచ్చిన కోడ్. మధ్యలో కరెంటు పోతే కొట్టిందంతా పోయినట్టే. ఆ కిట్ మీద 5, 3 కూడి చూసుకుంటే 08 అని వెలిగింది. అప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ తాజాగానే ఉంది. పాత మైక్రోకంప్యూటర్లకు మళ్లీ ప్రోగ్రాములు రాయాలని ముచ్చటపడే స్నేహితులు ముందుగా అడిగేది ఒకటే: అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలను ఒక్కొక్కటిగా నేరుగా రాసే భాష) నేర్చుకోవడానికి ఆ కాలపు ప్రాసెసర్ చిప్‌లలో జెడ్80తో మొదలుపెట్టాలా, 6502తోనా?

నేనైతే 6502 అంటాను. ముందు జెడ్80కి దక్కాల్సిన మాట చెప్పాలి.

ఇంటెల్ నుంచి బయటికొచ్చిన ఫెడెరికో ఫాజిన్ పెట్టిన జైలాగ్ సంస్థ 1976లో దీన్ని విడుదల చేసింది. ఇంటెల్ 8080 కోడ్‌ను ఇది మార్చకుండానే నడుపుతుంది. మన 8085 కూడా 8080 వారసురాలే కాబట్టి, కాలేజీ రికార్డులోని 3ఈ 05 06 03 80 76 అనే ఆరు బైట్లు జెడ్80లోనూ అదే పని చేస్తాయి: ఏ అనే రిజిస్టర్‌లో (చిప్ లోపల అంకె దాచుకునే గది) 5, బీలో 3, కూడు, ఆగు. మనం ఎమ్‌వీఐ అని రాసుకున్నదాన్ని జైలాగ్ పుస్తకం ఎల్‌డీ అంటుంది, అంతే. ఒక్క రిమ్, సిమ్ అనే ఇన్‌స్ట్రక్షన్లతోనే జాగ్రత్త. 8085లో వాటికున్న నంబర్లు జెడ్80లో జంప్‌లకు వెళ్లాయి.

6502 కథ ధరతో మొదలవుతుంది. పోటీ చిప్‌లు వంద డాలర్లు దాటి ఉన్న రోజుల్లో, 1975లో చక్ పెడల్ బృందం దీన్ని 25 డాలర్లకు అమ్మింది. స్టీవ్ వోజ్నియాక్ ఆపిల్‌కు దీన్ని ఎంచుకోవడానికీ ఆ ధరే కారణం. అంత చవగ్గా ఇవ్వాలంటే చిప్ లోపల అన్నీ కుదించాలి. అందుకే ఏ, ఎక్స్, వై అని మూడే చిన్న రిజిస్టర్లు. ఆ కొరత తీర్చేది మెమరీలోని మొదటి 256 బైట్లు, అంటే జీరో పేజీ. వాటిని అందుకోవడానికి పొట్టి, వేగమైన ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. మొత్తం ఇన్‌స్ట్రక్షన్లు 56. రెండు వారాంతాలు కూర్చుంటే అన్నీ నోటికి వచ్చేస్తాయి.

ఒక పని పక్కపక్కనే పెట్టి చూద్దాం. జెడ్80తో నడిచిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ తెర 6912 బైట్లు. అంత మెమరీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేయాలి. జెడ్80లో రిజిస్టర్ల జతలు ఉన్నాయి: హెచ్ఎల్‌లో మూలం, డీఈలో గమ్యం, బీసీలో లెక్క వేసి ఎల్‌డీఐఆర్ అంటే చాలు. నాలుగు లైన్లు, 11 బైట్లు. 6502లో లూప్ మనమే రాయాలి. వై 255 దాటితే మళ్లీ సున్నాకి వస్తుంది కాబట్టి 256 బైట్ల పేజీలుగా విడగొట్టాలి. 6912 అంటే సరిగ్గా 27 పేజీలు. ఒక్కో పేజీ అయ్యాక పాయింటర్ల (చిరునామాలు దాచిన బైట్ల జతల) పై బైట్లు పెంచాలి.

రాయడంలో జెడ్80దే గెలుపు. వేగం సంగతి వేరు. ఎల్‌డీఐఆర్‌కు బైట్‌కు 21 క్లాకులు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడితే, 6502 లూప్‌కు 16 సరిపోతాయి. 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80కి తెర చిప్ అడ్డు తగలకపోతే సుమారు 41 మిల్లీసెకన్లు, 6502తో నడిచే 2 మెగాహెర్ట్జ్ బీబీసీ మైక్రో కంప్యూటర్‌కి 55. మెగాహెర్ట్జ్ అంకె చూసి జెడ్80 దాదాపు రెట్టింపు వేగం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. నాకు 6502 మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. ప్రతి క్లాకూ ఎక్కడికి పోతోందో చేత్తో లెక్కపెట్టుకోవచ్చు.

కొత్తవాళ్లను ఇది ఇబ్బంది పెట్టే చోట్లూ ఉన్నాయి. కూడే ముందు క్యారీని (లెక్కలో మిగులు దాచే బిట్‌ను) సీఎల్‌సీతో తుడవాలి, తీసివేసే ముందు ఎస్‌ఈసీతో పెట్టాలి. మర్చిపోతే జవాబు ఒకటి తేడా వస్తుంది, అదీ ఒక్కోసారి మాత్రమే. ఈ తప్పు వెతుకుతూ నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

బ్రెడ్‌బోర్డు మీద సొంతంగా కంప్యూటర్ కట్టాలంటే మాత్రం నాకు సందేహమే లేదు. రీసెట్ కాగానే 6502 మెమరీ చివర ఉన్న చిరునామా చూసుకుంటుంది. పైన రోమ్ పెట్టి, కింద ర్యామ్ పెడితే సరిపోతుంది. జెడ్80 సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి రోమ్ అక్కడ ఉండాలి. సీపీ/ఎమ్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కేమో అక్కడే ర్యామ్ కావాలి. దాంతో బూట్ అయ్యాక రోమ్‌ను తప్పించే సర్క్యూట్ అదనం.

చిప్ దొరకడం ఇంకో సంగతి. 2024లో జైలాగ్ పాత 40 కాళ్ల జెడ్80కి ఆర్డర్లు ఆపేసింది. ఆన్‌లైన్‌లో ఒకచోట కొన్న చిప్ మీద నేను దూదితో అసిటోన్ రుద్దితే అక్షరాలు ఊడి వచ్చాయి, కింద గీకిన గుర్తులు కనిపించాయి, అంటే పాత చిప్‌కే కొత్త పేరు వేసి అమ్మారన్నమాట. 6502 సీమాస్ రకం, 65సీ02, ఈ రోజుకీ కొత్తగా తయారవుతోంది. క్లాకును పూర్తిగా ఆపి, ఒక్కో అడుగూ ఎల్‌ఈడీల మీద చూడవచ్చు కూడా.

సీపీ/ఎమ్ మీదో స్పెక్ట్రమ్ ఆటల మీదో మనసున్నవాళ్లు మాత్రం నా మాట పట్టించుకోకుండా జెడ్80కే వెళ్లండి. మిగతావాళ్లు బీబీసీ మైక్రో ఎమ్యులేటర్ (ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) తెరవండి. 1984లో భారత ప్రభుత్వం క్లాస్ పథకం కింద బడులకు ఇచ్చిన కంప్యూటర్లు బీబీసీ మైక్రోలే. దాని బేసిక్ భాషలోనే అసెంబ్లర్ (అసెంబ్లీని బైట్లుగా మార్చేది) ఉంది. కోడ్ ఏ ఖాళీ చిరునామాలో పడాలో ముందు పీ%లో చెప్పి, చతురస్రపు బ్రాకెట్ తెరిచి ఎల్‌డీఏ #5, సీఎల్‌సీ, ఏడీసీ #3, ఆర్‌టీఎస్ రాసి మూసేయండి. రన్ కొట్టగానే ఒక్కో లైను పక్కన దాని బైట్లు వరసగా తెర మీద పడతాయి.