ఓపెన్‌సిమ్‌లోకి ఎముకలు తెచ్చుకోవడం: ఐదేళ్ల వాడకం తర్వాత

ఓపెన్‌సిమ్ అంటే ఎముకలు, కండరాల కదలికను కంప్యూటర్లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. సీటీ స్కాన్ నుంచి తీసిన తొడ ఎముకను మొదటిసారి అందులోకి తెచ్చినప్పుడు తెర మీద ఏమీ కనపడలేదు. ఫైల్ పాడైందేమోనని మూడుసార్లు మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. తీరా చూస్తే ఎముక అక్కడే ఉంది. కాకపోతే 45 సెంటీమీటర్లది కాస్తా 450 మీటర్లయి కూర్చుంది. ఎముక ఆకారాన్ని త్రిభుజాల వలగా (మెష్) దాచే ఎస్‌టీఎల్ ఫైల్లో యూనిట్లు ఉండవు. స్కాన్ నుంచి వచ్చే అంకెలు మిల్లీమీటర్లు, ఓపెన్‌సిమ్ వాటిని మీటర్లుగా చదువుతుంది. మోడల్ ఫైల్లో స్కేల్ ఫ్యాక్టర్స్ దగ్గర 0.001 అని మూడుసార్లు మనమే కొట్టుకోవాలి.

అక్షాల గొడవ ఇంకోటి. స్కాన్ నుంచి ఎముకను వేరుచేసే స్లైసర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇచ్చే ఫైల్లో ఎక్స్ ఎడమకు, వై వెనక్కి, జెడ్ తల వైపుకు ఉంటాయి. ఓపెన్‌సిమ్ నడక మోడళ్లలో ఎక్స్ ముందుకు, వై పైకి, జెడ్ కుడికి. ఒకసారి తొందరలో వై, జెడ్‌లను అటూ ఇటూ మార్చేసి, ఎముకను కాస్త తిప్పి నిలబెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది. రెండు రోజుల పని అయ్యాక గమనించాను, చిటికెనవేలి వైపు ఉండాల్సిన కుడికాలి ఫిబులా (పిక్క దగ్గరి సన్న ఎముక) బొటనవేలి వైపున ఉంది! అద్దంలో బొమ్మలా కుడికాలు ఎడమకాలైపోయింది. తప్పు నాదే అనుకోండి.

పారావ్యూ అనే 3డీ సాఫ్ట్‌వేర్ నుంచి వీటీపీ (ఇదీ మెష్ ఫైలే) సేవ్ చేసేవాళ్లు డేటా మోడ్‌లో ఆస్కీ, అంటే మామూలు అక్షరాల రూపం, ఎంచుకోండి. బైనరీ వీటీపీని ఓపెన్‌సిమ్ చదవదు.

ఇవన్నీ ఒకసారి తెలిస్తే పోయే చిక్కులు. అసలు పరిమితి వేరే ఉంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు మోడల్లోని కటి ఎముక తీసేసి పేషెంట్‌ది పెట్టి, "అన్నా, పేషెంట్ మోడల్ రెడీ" అన్నాడు. ఫొటో మార్చావంతే అని చెప్పాల్సి వచ్చింది. మనం జతచేసే మెష్ కంటికి కనపడటానికే. బరువు, జడత్వం, కీలు కేంద్రం, కండరాల అతుకులు ఏవీ దాన్నిబట్టి మారవు. వాడి మోడల్లో గ్లూటియస్ మీడియస్ అనే పిరుదు కండరం ఎముకకు వేలెడు దూరంలో గాల్లో వేలాడుతోంది, అయినా సిమ్యులేషన్ నిక్షేపంగా నడిచింది. భయపడాల్సింది అక్కడే. కండరం ఎముక మీదుగా ఒంపు తిరగాలన్నా మెష్ పనికిరాదు. గోళం, సిలిండర్, ఎలిప్సాయిడ్ (సాగిన గోళం), టోరస్ (గారె ఆకారం), ఈ నాలుగింట్లో ఒకటి చేత్తో అమర్చుకోవాలి.

మెష్‌లలో లెక్కలో నిజంగా పాల్గొనేది కాంటాక్ట్ మెష్ ఒక్కటే, అంటే రెండు ఉపరితలాలు తాకినప్పుడు పుట్టే బలాన్ని లెక్కగట్టేందుకు పెట్టేది. దానికి ఎక్కడా చిల్లు లేని మూసిన ఉపరితలం కావాలి. ఎలాస్టిక్ ఫౌండేషన్ పద్ధతిలో ప్రతి త్రిభుజానికీ ఒక స్ప్రింగ్ పడుతుంది కాబట్టి, లక్షల త్రిభుజాలున్న మెష్‌ను అలాగే పడేస్తే కంప్యూటర్ ఫ్యాన్ మోత తప్ప ఫలితం రాదు. మెష్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాలు తగ్గించి పలచన చేశాకే వాడతాను.

అయినా ఓపెన్‌సిమ్‌ను వదల్లేదు. ఉచితం, కోడ్ తెరిచి చూసుకోవచ్చు, మోడల్ ఫైల్ మామూలు ఎక్స్‌ఎంఎల్. అందుకే పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. అది యూనిట్లు మారుస్తుంది, అక్షాలు తిప్పుతుంది, తొడ ఎముక తలకు గోళం సరిపెట్టి మూలబిందువును అక్కడికి జరుపుతుంది. ఫిబులా ఎటుందో మాత్రం ఇప్పటికీ కంటితో చూశాకే సేవ్ కొడతాను.