గోడపటంలో అబిస్కో: ఉత్తర స్వీడన్ పటంపై సమీక్ష

పర్లాకిమిడిలో మా తెలుగు పఠనాలయం గోడకు తగిలించడానికి తపాలాలో తెప్పించిన ఉత్తర స్వీడన్ భౌగోళిక పటాన్ని నెల రోజులుగా పిల్లలతో కలిసి చదువుతున్నాను. సెంటీమీటరుకు పది కిలోమీటర్ల లెక్కన గీసిన పటం ఇది. అబిస్కో అనే పల్లెను ఆనుకుని ఉన్న టోర్నెట్రెస్క్ సరస్సుపై స్కేలు పెడితే ఏడు సెంటీమీటర్లు వచ్చింది. ఆ సరస్సు అసలు పొడవు దాదాపు 70 కిలోమీటర్లు. మెర్కేటర్ పద్ధతి ప్రపంచ పటాల్లో 68వ అక్షాంశం దగ్గర దూరాలు రెండున్నర రెట్లకు పైగా సాగిపోతాయి కనుక ఈ కచ్చితత్వానికి నేను ఎంతో విలువ ఇస్తాను.

కొండల ఎత్తుపల్లాలను రంగుల్లో చూపిన తీరు ఇంకా గొప్పగా ఉంది. ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 200 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ఊరంటే విపరీతంగా మంచు కురుస్తుందనుకున్న పిల్లలు, అక్కడ వాన, మంచు కలిపి ఏడాదికి 300 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే పడతాయంటే నమ్మలేదు. ఒక అమ్మాయి అట్లాంటిక్ తీరం నుంచి తూర్పుకు వేలు జరుపుకుంటూ వచ్చి, ముదురు గోధుమరంగు దగ్గర ఆగి, "మాస్టారూ, మబ్బులు ఈ కొండల మీదే కురిసేసి వస్తాయా?" అని అడిగింది. కారణం అదే. మహేంద్రగిరిని చూస్తూ పెరిగిన పిల్లలకు అంతకుమించి వివరించనక్కరలేకపోయింది. మే చివరి నుంచి జూలై మధ్య వరకు అక్కడ సూర్యుడు అస్తమించడన్న సంగతి మాత్రం పటంలో ఎక్కడా లేదు. అంచున చిన్న పట్టిక చేర్చి ఉండవలసింది.

జనాభా విషయంలో ఈ పటం తప్పుదారి పట్టిస్తుంది. 2005లో 85 మంది మాత్రమే ఉన్న అబిస్కో పేరును, ఆ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన కిరునాతో సమానమైన అక్షరాల్లో అచ్చు వేశారు. ఇనుప ఖనిజం కోసం వేసి 1903లో ప్రారంభించిన రైలుమార్గంలో స్టేషను ఉండడం, 1913 నుంచి వాతావరణ కొలతలు తీస్తున్న పరిశోధన కేంద్రం ఉండడం వల్ల ఆ పల్లెకు పేరు వచ్చింది గాని, జనం వల్ల కాదు. కిరునా పురపాలక ప్రాంతమంతా కలిపినా, మా గజపతి జిల్లాకు నాలుగు రెట్లకు మించిన నేలపై, 23 వేల మంది ఉంటే ఎక్కువ. 2011 లెక్కల్లో మా జిల్లా జనాభా 5.77 లక్షలు.

అమ్మినవారు పటాన్ని చుట్టి పంపకుండా మడిచి పంపడంతో ఒక మడత సరిగ్గా కిరునా మీదుగా పగిలింది. రెండు ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. అయినా వెల 850 రూపాయలకు ఈ పటం కొనదగినదే. ప్రస్తుతానికి అబిస్కో చుక్క పక్కన పెన్సిలుతో 85 అని రాసి ఉంచాను.