విండోస్ రీకాలా, లినక్స్ మింటా: మా బావతో పంచాయితీ

కడపలో ఏడురోడ్ల దగ్గర మా బావ ట్యాక్స్ లెక్కలు చూస్తాడు, ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు, ఏఐ పనులకని ప్రత్యేక చిప్పు ఉండే కోపైలట్ ప్లస్ పీసీ అంట, ఇంక మొదలైంది మా ఇద్దరికీ.

ఆయన మాట ఏమంటే, విండోస్‌లో రీకాల్ అనే ఫీచర్ ఆన్ చేసుకుంటే స్క్రీన్‌ను కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి పెట్టుకుంటాది, పోయిన వారం చూసిన బిల్లు యాడుందో మామూలు మాటల్లో అడిగితే చాలు దొరుకుతాది. పనికొచ్చేదే, కాదనను. కానీ బావా, నీ స్క్రీన్ మీద ఉండేది నీ సంగతులు కాదు గదా, ఊర్లోవాళ్ల పాన్ నంబర్లు, ఆధార్ కార్డులు! 2024 మేలో దీన్ని చూపించినప్పుడు ఆ ఫొటోల సమాచారం దాచే డేటాబేస్‌కు సరైన ఎన్‌క్రిప్షనే (వేరేవాళ్లు చదవకుండా వేసే తాళం) లేదని సెక్యూరిటీవాళ్లు బయటపెట్టినారు, దాంతో మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గి, మనం ఒప్పుకుంటేనే ఆన్ అయ్యేట్టు మార్చి, తెరవాలంటే ముఖమో వేలిముద్రో అడిగేట్టు చేసి 2025 ఏప్రిల్‌లో వదిలింది. ఫొటోలు ఆ మిషన్‌లోనే ఉంటాయి, క్లౌడ్‌కు పోవు, ఈ ఒక్కటి బావ కరెక్టే చెప్పినాడు.

నాది లినక్స్ మింట్, విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టం. రూపాయి ఖర్చు లేదు, 4 జీబీ ర్యామ్ ఉండే పాత డబ్బాలో గూడా నడుస్తాది, ఏఐ గోలే లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆగిపాయె గదా, ఆ పాత సిస్టం పారేయబుద్ధి గాక దీంట్లోకి మార్చుకున్నా.

అయితే లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ దీంట్లో నేరుగా నడవదప్పా, ఆ ఒక్క మాటతో బావ నా నోరు మూయించినాడు. ఆయన విండోసే ఉంచుకున్నాడు, రీకాల్ మాత్రం ఆఫ్‌లోనే ఉండాది. టీ డబ్బులు నేనే ఇచ్చినా.