మా అత్తయ్య పుట్టింటి వాళ్లని వెతుక్కుంటూ: ఏడేళ్లుగా ఫ్యామిలీసెర్చ్ వాడిన అనుభవం

మాది రాజమండ్రి. పెళ్లయ్యాక మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర స్థిరపడ్డాను. మావారు ఇక్కడి మనిషే. 2018లో మా అమ్మాయిని బళ్లో వంశవృక్షం రాసుకురమ్మన్నారు. మా వైపు ఇబ్బంది లేదు. నాన్న తద్దినం పెట్టేటప్పుడు చెప్పే మూడు తరాల పేర్లూ, గోత్రమూ చిన్నప్పట్నుంచీ విని నాకు నోటికొచ్చు. అత్తయ్యని అడిగితే, "మా పుట్టింటి వాళ్లు మొదటి ఓడల్లో వచ్చారని మా తాత అనేవాడు" అన్నారు. ఏ ఓడో, ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఆవిడ దగ్గర ఒక బూట్ల అట్టపెట్టె ఉంది. అందులో ఇంటి బైబిల్లోంచి ఊడొచ్చిన రెండు కాగితాలు, వాటి మీద 1840ల్లో పుట్టిన తొమ్మిది మంది పిల్లల పేర్లు. మా దగ్గరున్న ఆధారమంతా అదే.

అప్పుడు మొదలుపెట్టిన ఫ్యామిలీసెర్చ్ అనే, పూర్వీకుల రికార్డులు వెతుక్కునే సైటుని ఇప్పటికీ ప్రతి ఆదివారం తెరుస్తాను. పైసా కట్టక్కర్లేదు, ఒక అకౌంట్ ఉంటే చాలు. దీన్ని నడిపేది సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న ఎల్డీఎస్ చర్చి, అంటే మోర్మన్ల చర్చి. వాళ్లు 1894లో వంశచరిత్రల సంఘం పెట్టారు. 1938 నుంచి దేశదేశాల రికార్డుల్ని మైక్రోఫిల్మ్ తీస్తూ వచ్చారు. ఆ రీళ్లు 24 లక్షలు. వాటిని డిజిటల్‌లోకి మార్చే పని 2021లో పూర్తయింది. మన పెద్దలు కాశీలోనో హరిద్వారంలోనో పండాల చిట్టాలో పేర్లు రాయించి వచ్చేవారే, ఆ హరిద్వారం చిట్టాలు కూడా ఇందులో ఉన్నాయి.

కొత్తగా వాడేవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఇందులో అందరూ కలిసి కట్టే ఉమ్మడి వంశవృక్షం ఉంది, అసలు కాగితాల ఫోటోలూ ఉన్నాయి. వృక్షంలో చనిపోయినవాళ్ల వివరాలు ఎవరైనా మార్చొచ్చు. కాగితాన్ని ఎవరూ మార్చలేరు. వెళ్లాల్సింది కాగితం కోసం. ఈ సంగతి నాకు దెబ్బతిన్నాకే తెలిసింది. మొదటి ఏడాది ఇంకోచోట, డబ్బు కట్టే ఒక సైటులో, ఎవరో పెట్టిన వృక్షాన్ని ఉన్నదున్నట్టు దించేసుకున్నాను. ఒక్క సాయంత్రంలో, ఇంగ్లండ్ నుంచి వలసదారుల్ని ఇక్కడికి తెచ్చిన 1620 నాటి పేరుమోసిన మేఫ్లవర్ ఓడ దాకా వెళ్లిపోయాం. థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర అత్తయ్య ఆ మాట అందరికీ చెప్పారు. తర్వాత తీరిగ్గా తేదీలు లెక్కేస్తే, అందులో ఒక తల్లికి తొమ్మిదో ఏట కొడుకు పుట్టాడు. అత్తయ్యకి మళ్లీ ఫోన్ చేసి అది తప్పని చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు చాలా బాధేసింది.

మేఫ్లవర్‌లో వచ్చింది 102 మంది. మొదటి చలికాలంలోనే దాదాపు సగం మంది పోయారు. 1620 నుంచి 1640 లోపు న్యూ ఇంగ్లండ్‌కి, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈ ఈశాన్య ప్రాంతానికి వచ్చిన వలసదారులు సుమారు 20,000 మంది. పాత వంశమైతే మేఫ్లవర్‌లోనే వచ్చుండాలని ఏమీ లేదు. మావాళ్లు ఆ 20,000 మందిలోని వాళ్లు.

రెండోసారి బైబిల్ కాగితం నుంచి ఒక్కో తరమే వెనక్కి నడిచాను. అమెరికా జనాభా లెక్కల్లో ఇంటిల్లిపాది పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అంతకుముందు ఇంటి యజమాని పేరొక్కటే, మిగతావాళ్లు అంకెలు. అక్కడ చాలామంది ఆగిపోతారు. మసాచుసెట్స్‌లో మాత్రం దారి దొరుకుతుంది. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ఊరి గుమాస్తా రాసిపెట్టాలని 1639లోనే చట్టం చేశారు. చాలా ఊళ్లకి 1850 వరకు ఉన్న ఆ లెక్కలు అచ్చులో కూడా దొరుకుతాయి. నేను ఆర్నెల్లు వృథా చేసుకున్నది ఇంకోచోట. వూస్టర్ కౌంటీ ఏర్పడిందే 1731లో. అంతకు ముందటి వీలునామాలు వూస్టర్ కింద వెతికితే ఏం దొరుకుతాయి? మావాళ్ల ఊరు అప్పట్లో మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉండేది. కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. ఊరు ఎప్పుడు ఏ కౌంటీలో ఉందో సైటులోని వికీలో చూసుకుని వెతకడం మొదలుపెట్టండి.

తేదీల విషయంలో తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. 1752 దాకా ఇంగ్లీషువాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. మార్చిని మొదటి నెల అని రాసేవారు. మనకి చైత్రంతో సంవత్సరం మారినట్టే, మాఘ ఫాల్గుణాలు పాత సంవత్సరానికే చెందినట్టే. ఒక దంపతులకి 1698 మే నెలలో పెళ్లయింది, 1698 ఫిబ్రవరిలో బిడ్డ పుట్టింది. మావారు చూసి పెళ్లికి ముందే బిడ్డా అని ఆశ్చర్యపోయారు. ఉగాది లెక్క చెప్పాను. ఆ ఫిబ్రవరి ఇప్పటి లెక్కలో 1699. అంటే పెళ్లయిన తొమ్మిది నెలలకి పుట్టిన బిడ్డ.

వరసల దగ్గర మాత్రం మన అలవాటు అడ్డొస్తుంది. మేనమామ, పెదనాన్న, బావ, మరిది అని దేనికది విడిగా పిలుచుకునేవాళ్లం కదా, వాళ్ల కాగితాల్లో 'బ్రదర్' అంటే బావగారు కావచ్చు, 'కజిన్' అంటే మేనల్లుడు కావచ్చు, 'మదర్ ఇన్ లా' అంటే సవతి తల్లి కావచ్చు. సీనియర్, జూనియర్ అన్నవాళ్లు తండ్రీకొడుకులు కానక్కర్లేదు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాడూ చిన్నవాడూ అంతే. మా 'జాన్ జూనియర్' జాన్ సీనియర్‌కి తమ్ముడి కొడుకని తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది.

దాన్ని తేల్చింది ఒక వీలునామా. 1690ల నాటిది, రెండు పేజీలు, సిరా గోధుమరంగుకి తిరిగింది. ముసలాయన భార్యకి రాసిచ్చినవి: ఇంట్లో పడమటి గది, నేలమాళిగలో సగం, రొట్టెల పొయ్యి దాకా వెళ్లడానికి దారి, బావి నీళ్లు, ఒక ఆవూ దాని మేతా, చలికాలానికి సరిపడా కట్టెలు కొట్టి గుమ్మం ముందు వెయ్యడం. ఇవన్నీ కొడుకు చెయ్యాలి. కింద కూతుళ్ల పేర్లు, వాళ్ల మొగుళ్ల పేర్లు, 'మా తమ్ముడి కొడుకు జాన్' అన్న మాట. పొయ్యి దాకా దారి అన్నచోట ఆగిపోయాను. తను పోయాక కోడలి వంటింట్లో భార్యకి మాట పడకూడదని ఆయన అంత వివరంగా రాయించాడు. అత్తయ్యకి చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ఏడేళ్లలో వచ్చిన మార్పుల్లో పెద్దది 2024లో పెట్టిన ఫుల్ టెక్స్ట్ సెర్చ్. చేతిరాత దస్తావేజుల్ని, వీలునామాల్ని కంప్యూటరే చదివి, అందులోని ఏ మాటనైనా వెతకనిస్తుంది. అంతకుముందు సూచికలో లేని పేరు దొరకాలంటే వందల పేజీలు తిప్పేదాన్ని. సాక్షి సంతకం, పొరుగువాడి పొలం హద్దుల్లో వచ్చే పేరు, ఇలాంటివన్నీ ఇప్పుడు బయటపడుతున్నాయి. పాతకాలపు పొడుగు 'ఎస్'ని 'ఎఫ్'గా చదివే అవకాశం ఉంది, పేర్లు ఒక్కోచోట ఒక్కోలా రాశారు కాబట్టి అనుమానమున్న అక్షరాల బదులు నక్షత్రం (*) గుర్తు పెట్టి రెండు మూడు రకాలుగా వెతకండి. కొన్ని ఫోటోలు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ల కేంద్రానికో, అనుబంధ లైబ్రరీకో వెళ్లాలి. నేను నెలకోసారి జాబితా రాసుకుని లైబ్రరీకి వెళ్తాను.

ఇదొక్కటే చాలా అంటే చాలదు. బోస్టన్‌లో 1845లో పెట్టిన న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జెనియలాజికల్ సొసైటీ ఉంది, వాళ్లు పరిశీలించి ప్రచురించిన వంశచరిత్రలతో సరిచూసుకుంటేనే నాకు ధైర్యం. అలా చూసుకుంటూ పన్నెండు తరాలు వెనక్కి, 1630ల్లో వాటర్‌టౌన్‌లో దిగి, అక్కడ్నుంచి సడ్‌బరీకి, 1660లో మార్ల్‌బరోకి వెళ్లిన మనిషి దాకా చేరాం. ఆయన భార్య పేరు ఎలిజబెత్, ఆవిడ పుట్టింటి పేరు ఎక్కడా లేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాను.

ఇంగ్లీషు వలసవాళ్లకీ స్థానిక జాతులవాళ్లకీ జరిగిన యుద్ధంలో, 1676 మార్చిలో స్థానికులు మార్ల్‌బరోని తగలబెట్టారు. మావాళ్ల కాగితాల్లో అది 'మా ఇల్లు కాలిపోయింది' అని ఉంటుంది. ఆ భూములు అంతకుముందు నిప్మక్ జాతివాళ్లవి. 1675 అక్టోబరులో, క్రైస్తవం పుచ్చుకుని నేటిక్‌లో ఉంటున్న స్థానికుల్ని సైతం వలసవాళ్ల ప్రభుత్వం బోస్టన్ రేవులోని డీర్ ఐలండ్‌కి తరలించింది. ఆ చలికాలంలో ఆకలికీ చలికీ ఎందరో చచ్చిపోయారు. మా అమ్మాయికి రెండూ కలిపే చెప్పాను.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర, కాగితం చూడకుండా వృక్షం నమ్మేసే కొత్తవాళ్లకి ఇంకా గట్టి హెచ్చరిక ఉండాలని.

పోయినేడాది ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌లో 1740ల నాటి ఒక ఆస్తి జాబితా దొరికింది. ఎద్దుల జత, నాగలి, ఇనప కుండ, వాటి మధ్యలో ఒక మనిషి. ఇంటిపేరు లేదు, ఒక్క పేరూ, ఎదురుగా వెల. మసాచుసెట్స్‌లో బానిసత్వం 1641 నుంచి చట్టబద్ధం, 1783 కోర్టు తీర్పు దాకా నడిచింది. అత్తయ్య ఆ పేజీ ప్రింటు తీయించి బైబిల్ కాగితాలతో పాటు పెట్టెలో పెట్టారు. ఆ ఊరి అచ్చు పుస్తకంలో నల్లవాళ్ల లెక్కలు చివర్న విడిగా వేశారు. అక్కడ అదే పేరుతో ఒక పెళ్లి ఉంది. అది ఆయనదే అయితే పిల్లలుండి ఉండొచ్చు, వాళ్ల మునిమనవలు ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉండి ఉండొచ్చు. ఈ ఆదివారం నుంచి పక్క ఊళ్ల పుస్తకాలు చూస్తున్నాను.